పేరు పోయినవాళ్లు

"ఈ లైను తీసెయ్యవయ్యా," అన్నాడు రాజనీతి శాస్త్ర విభాగాధిపతి, టైపిస్టు భుజం మీదుగా కంప్యూటర్లోకి తొంగిచూస్తూ.

కాలేజీ వెబ్‌సైటులో లెక్చరరమ్మ పేజీ అది. 'పరిశోధన: ఓటర్ల జాబితాలో గల్లంతైన పేర్లు' అని ఉంది.

"ఎందుకండీ?" అంది పక్కనే నిలబడ్డ లెక్చరరమ్మ.

"'ఎన్నికల అధ్యయనం' అని పెడదామమ్మా. ఎవరికీ గుచ్చుకోదు."

"గుచ్చుకోవాలనే రాశానండీ."

"నేపథ్యం దగ్గర డిగ్రీలు రాస్తే చాలదూ? మీ అమ్మగారి గొడవెందుకు రాశావిక్కడ?"

"మా అమ్మ ఓటుకెళ్తే, నువ్వు చచ్చిపోయావని చెప్పి పంపేశారు. నా చదువంతా అక్కణ్ణుంచే మొదలైంది."

"నీ ప్రమోషన్ ఫైలు పైవాళ్ల దగ్గరుంది. నీ మంచికే చెప్తున్నా."

"ఉండనివ్వండి. ఒక్క అక్షరం కూడా మార్చను."

టైపిస్టు చేతులు ఆగిపోయాయి. "నన్ను ఇల్లు మారిపోయావన్నారు మేడం. ఇరవై ఏళ్లుగా అదే ఇల్లు. నాదే ఏదో పొరపాటనుకుని, నోరు మూసుకుని వచ్చేశా."

ఆమె చటుక్కున అతనివైపు తిరిగింది. ఆరేళ్లుగా ఊళ్లన్నీ తిరిగి పేర్లు పోగుచేసింది. రోజూ తన ఉత్తరాలు టైపు చేసే మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు.

"ముందు పని చూడవయ్యా!" కసిరాడు విభాగాధిపతి.

టైపిస్టు ఆయనవంక చూడనే లేదు. "ఏం కొట్టమంటారు మేడం?"

"ఉన్నదున్నట్టు ఉంచండి. కింద ఇంకో లైను కొట్టండి. పేరు పోయినవాళ్లు ఎవరైనా సరే, మంగళవారం నా గదికి రావచ్చు."

అతను టకటకా కొట్టి, పేజీ వెబ్‌సైటుకి ఎక్కించేసి, కుర్చీలోంచి లేచాడు.

"ఇవాళ మంగళవారమే కదా మేడం?"