మెడ పలికిన మాట

కాకినాడలో అందరూ మెడకు పట్టీలు కట్టుకు తిరుగుతున్న రోజులవి. మెడలో రక్తం పారే తీరు విని, ఒంట్లో సంగతి ఆ మనిషి గొంతుతోనే చెప్పేది పట్టీ. ఫిజియోథెరపిస్టు మృణాళినికి ఒకే మనిషి దగ్గర రెండు జవాబులు వినడం అలవాటైపోయింది.

సీలింగులకు రంగులు వేసే గంగరాజు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"మెడ పట్టేసిందండి. ఒక్కసారి విరిచేయండి, పనికెళ్లాలి."

"తలనొప్పి గానీ, కళ్లు తిరగడం గానీ ఉందా?"

"అబ్బే, ఏం లేదండి."

"నిన్నట్నుంచి తల పగిలిపోతందండి. అన్నీ రెండేసి కనపడతన్నాయి" అంది పట్టీ. గొంతు గంగరాజుదే. పెదవులు మాత్రం కదల్లేదు.

మృణాళిని చేతులు వెనక్కి తీసుకుంది. "నేను మీ మెడ ముట్టుకోను. ముందు ఆసుపత్రికి పదండి."

"దాని మాటకేం లెండి..." అంటూండగానే అతని నాలుక మడతపడింది. నోరు ఓ పక్కకు వాలిపోయింది. మెడ దగ్గరి గొంతు మాత్రం తొణక్కుండా, "నా మెడలో ఎడమ రక్తనాళం చిరిగిందండి. మా ఆవిడ రత్తాలుకి ఫోన్ చేయండి" అంది.

వేళకు ఆసుపత్రికి చేర్చడంతో ప్రాణం దక్కింది. మాట దక్కలేదు.

సాయంత్రం ఆసుపత్రిలో రత్తాలు మంచం పక్కన కూర్చుంది. మృణాళిని కూడా అక్కడే ఉంది. "ఎలాగుందయ్యా?"

"బానే ఉంది రత్తాలూ. రగతం బాగా పారతంది" అంది పట్టీ, కులాసాగా.

గంగరాజు కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. రత్తాలు పట్టీ విప్పి మృణాళిని చేతిలో పెట్టింది.

"నేనడిగింది ఈయన్నండి" అంటూ అతని నోటికి చెవి ఆనించింది.