తెగిన కేబుల్

కొత్త కేబుల్ వంతెన బరువు మోస్తుందో లేదో చూడటానికి, ఇసుక నింపిన నా లారీని నడిమధ్యన నిలబెట్టారు. వంతెనకు ప్లాను గీసిన కుర్ర ఇంజనీరు ఒడ్డు దగ్గరే ఆగి, కేబుళ్లను తడిమి తడిమి చూస్తున్నాడు. కట్టినవాడికే ఇంత పిరికితనమా అని నా నాలుక దురద పెట్టింది.

"సారూ, ఇక్కడ కేబుల్ తెగిందండోయ్!" అని అరిచాను.

పరుగు తీస్తాడనుకున్నాను. తీశాడు, నా లారీ వైపే. తలుపు లాగి, చెయ్యి పట్టుకుని, "దూకు బాబాయ్, నేనున్నా!" అన్నాడు.

"ఊరికే అన్నాను బాబూ," అని గొణిగాను.

తిట్టినా బాగుండేది. "హమ్మయ్య" అంటూ కూలబడ్డాడు. ఆ ఇసుకలోనే నన్ను పాతేస్తే బాగుండుననిపించింది.

అతను రెండో చేత్తో లారీ మెట్టు పట్టుకుని లేచాడు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.