వల వెనక మనిషి

"ఎవరే ఆయన? రోజూ నీ వెనకే నిలబడుతున్నాడు!"

అనూహ్య బూట్ల లేసు కట్టుకుంటూ నవ్వింది. "నా వెనక కాదమ్మా, గోలు వెనక."

దమయంతికి నవ్వు రాలేదు.

మస్కట్ శివారు అల్ అమెరాత్‌లోని ఆ ఫుట్‌బాల్ గ్రౌండుకి కూతుర్ని తీసుకురావడమంటేనే ఆవిడకు గుండెదడ. కాలు విరుగుతుందేమో, బంతి కంట్లో తగులుతుందేమో!

ఇప్పుడు దానికి తోడు, కాళ్లదాకా జారే తెల్లటి దిష్‌దాషా అంగీలో కుంటుకుంటూ వచ్చే ఈ ఒమానీ పెద్దాయన.

ఆయన ఖర్జూరాలిస్తే, "ఏం కలిపాడో ఏమో" అని చెత్తబుట్టలో వేయించింది.

"తొందర వద్దు బేటీ. ముందు తలెత్తి చూడు, తర్వాత కొట్టు." ఆయన హిందీలో చెబుతున్నాడు.

దమయంతి మధ్యలోకి వెళ్లి కూతుర్ని చెయ్యిపట్టి లాక్కొచ్చింది.

"అమ్మా! శుక్రవారం మస్కట్ టీముకి సెలక్షన్. ఆయన చెప్పాకే నా షాట్లు గోల్లో పడుతున్నాయి!"

"ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గర నేర్చుకోనక్కర్లేదు."

గ్రౌండు చూసుకునే ఖమరుద్దీన్‌ది నిజామాబాద్. తెలుగువాడే కదా అని అతనితో చెప్పింది.

"ఆ ముసలాయన్ని లోపలికి రానివ్వకు బాబూ."

"ఆయన్నా? ఆయనెవరో ఎర్కేనా అమ్మా..."

"ఎవరైతే నాకేం? ఆడపిల్ల తల్లిని!"

ఖమరుద్దీన్ తల గోక్కున్నాడు. "సరే, మీరన్నదే ఆయనకు చెప్త."

మర్నాటి నుంచి ఆయన గోలు వెనక కనబడలేదు.

శుక్రవారం ఆట అయిపోవస్తోంది. అనూహ్య తొందరపడి రెండుసార్లు బయటికి కొట్టింది.

మళ్లీ బంతి ఆ పిల్ల కాలికే అందింది. దమయంతి కళ్లు గట్టిగా మూసుకుంది.

తెరిచేసరికి ఆడపిల్లలంతా అనూహ్య మీద పడి ఉన్నారు.

"అయ్యో, నా పిల్లని నలిపేస్తున్నారు!"

"గోల్ కొట్టిందమ్మా!" అరిచాడు ఖమరుద్దీన్.

ఆట ముగిసి పేర్లు చదవగానే అనూహ్య రొప్పుతూ వచ్చి అమ్మని చుట్టేసింది. "సెలక్ట్ అయ్యానమ్మా! ఈసారి తలెత్తి చూసి కొట్టా."

దమయంతికి పెద్దాయన మాట గుర్తొచ్చింది. "ఖమరుద్దీన్, ఆయనకోసారి ఫోన్ చెయ్యి నాయనా. దండం పెట్టుకుంటాను."

"ఫోనెందుకు? గేటు బయటనే నిలబడ్డడు. ఆట షురూ అయినప్పటి సంది ఇనుప జాలీలకెళ్లి చూస్తుండు."

"మరి లోపలికి రాలేదేం?"

"తల్లి వద్దన్నంక నేనెట్లొస్త అన్నడు."

దమయంతి గేటు వైపు పరుగెత్తింది.

"జర తలెత్తి చూడుండ్రి, గేటు మీద అరబ్బీల రాసింది ఆయన పేరేనమ్మా," వెనక నుంచి ఖమరుద్దీన్ కేకేశాడు, "దేశానికి గోల్స్ కొట్టి కొట్టి మోకాలు పోగొట్టుకున్న యాసిర్ సాబ్ గ్రౌండే ఇది!"