పచ్చ బిళ్ళ

సైరన్ ఆగి ఎంతసేపైందో అతనికి తెలియలేదు. మిట్టమధ్యాహ్నమే, కానీ కళ్ళు చించుకు చూసినా ఏమీ కనిపించడం లేదు. కాంక్రీటు కప్పు నెత్తికి జానెడు ఎత్తులో ఉంది. కాళ్ళు చాపుకుందామంటే చోటు లేదు. తిమ్మిరెక్కి అసలు ఉన్నట్టే లేవు. వీపంతా తడిసి ముద్దయింది. చెమట కాబోలు అనుకున్నాడు.

అతని భయమంతా బావమరిది గురించే. వాడెక్కడున్నాడు?

మూడేళ్ళుగా ఈ పరాయి దేశపు సైనిక స్థావరంలో అతనిది ఇస్త్రీ పని. సైనికుల ప్యాంట్లు. ఒక్కో దానికి ఎనిమిది జేబులు. లాండ్రీ కిటికీలోంచి చూస్తే కంచె అవతల బజారు, పుచ్చకాయల బండి, బడి పిల్లల బస్సు. యుద్ధం ఎక్కడో ఉంది, మన దాకా దాని మురికే వస్తుంది అని నవ్వేవాడు. ఆ ధీమాతోనే పోయిన ఏడాది భార్య తమ్ముణ్ణి కూడా రప్పించాడు.

"వాడికి చెప్పులెక్కడ విప్పాడో కూడా గుర్తుండదు. మీరే కాస్త కనిపెట్టుకుని ఉండాలి," అంది భార్య ఫోన్లో.

ఇద్దరు పిల్లల తండ్రి. అయినా మతిమరుపు మహారాజే.

ప్రతి బుధవారం ఇదే వేళకి ఉత్తుత్తి సైరన్ మోగుతుంది. పని వదిలేసి, మూడొందల అడుగులు ఎండలో పరిగెత్తి బంకర్లో దూరాలి. గుమ్మం పక్క బోర్డు మీద ఎవరి పేరున్న బిళ్ళ వాళ్ళు తిప్పాలి. పచ్చ రంగు కనిపిస్తే మనిషి లోపల ఉన్నట్టు. ఎరుపు ఉండిపోతే వెతకడానికి మనుషులు బయల్దేరతారు.

వారం వారం ఈ పరుగులు ఎవరు పడతారు? బావా బావమరిదీ వంతులు వేసుకున్నారు. ఒకరు వెళ్ళి రెండు బిళ్ళలూ తిప్పడం, రెండోవాడు హాయిగా పని చేసుకోవడం. పోయిన నెల బావమరిది తన బిళ్ళ తిప్పుకుని బావది మర్చిపోయాడు. వెతకడానికి వచ్చినవాళ్ళకి బావ ఈల వేస్తూ ఇస్త్రీ చేస్తూ దొరికాడు. సూపర్‌వైజర్ ఇద్దరినీ ఉతికి ఆరేశాడు.

"ఇంకోసారి మర్చిపో, చెప్తా నీ సంగతి!" అని అతనూ తన వంతు తిట్టాడు.

ఇవాళా బుధవారమే. సైరన్ మోగేసరికి బావమరిది గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"ఉత్తుత్తిదేగా బావా, కంగారెందుకు?"

"చెప్పుల సంగతి తర్వాత, ముందు పరిగెత్తరా!" అని కసిరాడు.

కాసేపటికే నేల అదిరింది. అది ఉత్తుత్తిది కాదని అప్పుడు తెలిసింది.

వాడు ఇంకా దారిలోనే ఉన్నాడా? చెప్పుల కోసం వెనక్కి తిరిగాడా? ఇంట్లో దానికి ఏ మొహం చూపించాలి? దేవుడా, వాణ్ణి బంకర్ దాకా చేర్చు, ఇంకేమీ అడగను అనుకున్నాడు. పేరు పెట్టి పిలుద్దామంటే గొంతులో దుమ్ము. మాట పెగల్లేదు.

అంతలో ఎక్కడో లౌడ్‌స్పీకర్ గరగరలాడింది. సూపర్‌వైజర్ గొంతు.

"లెక్క సరిపోయింది. నూటపన్నెండు బిళ్ళలూ పచ్చే. అందరూ క్షేమం. ఎవరినీ వెతకక్కర్లేదు. సాయంత్రం దాకా ఒక్కరు కూడా బయటికి రావద్దు."

అతనికి ఏడుపు ఆగలేదు. చేరాడు! వెధవ, బతికాడు!

కళ్ళు తుడుచుకుందామని కదిపిన చేతికి, కూలిన లాండ్రీ కప్పు కింద, తన ఇస్త్రీ పెట్టె ఇంకా వేడిగా తగిలింది. ఇవాళ పరుగు వంతు బావమరిదిది, బావ బిళ్ళ తిప్పడం ఈసారి వాడు మర్చిపోలేదు.