మూడో ఓటు

"నిన్ను సర్దమన్నోడెవడ్రా? సెప్పు, ఎవడు?"

జగ్గారావు అరుపుకి మద్దిలపాలెం టీకొట్టు దగ్గరున్న వాళ్లంతా ఇటు తిరిగారు. ఎదురు బెంచీ మీద నాగవంశీ తాపీగా సమోసా నములుతున్నాడు. ఇద్దరూ 'తెప్ప' అనే డేటాబేస్ రాసేవాళ్లే. దానికి ఓనర్ లేడు, రాసేవాళ్లకి జీతం లేదు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కొత్త రిలీజ్ బయటికి వెళ్లాలంటే మాత్రం టీంలో ముగ్గురు మెయిల్లో +1 అని ఓటెయ్యాలి. రెండు పడ్డాయి. మూడోది జగ్గారావు చేతిలో ఉంది.

"అదేటి బావా! కాన్ఫిగ్ ఫైలు సంతలాగుందని నువ్వే కదా తిట్టేవు? హెడ్డింగులెట్టి నీటుగా సర్దేను."

"సర్దితే సర్దేవు, బ్యాకప్ లైను పేరెందుకు మార్సేవు?"

"పాత పేరు బాగోలేదు."

జగ్గారావుకి ఒళ్లు మండిపోయింది. మండదా మరి! రోజూ డేటాకి ఇంకో కాపీ తీసి దాచమని చెప్పే లైను అది. వాడేవాళ్లు సెట్టింగులు రాసుకున్న కాన్ఫిగ్ ఫైళ్లలో పాత పేరే ఉంది. కొత్త రిలీజ్‌కి ఆ పేరు తెలీదు. తెలీదని ఒక్క ముక్క చెప్పి చావదు కూడా, నోరు మూసుకుని కాపీ తియ్యడం మానేస్తుంది.

"ఆనందపురంలో మా దేవక్క రక్తం ఇచ్చేవోళ్ల పేర్లన్నీ తెప్పలోనే దాసింది. రేపు డిస్కు పోతే ఏటి సేత్తాదిరా ఆవిడ? ఎవులి కాళ్లట్టుకుంటాది?"

"ఎలా మార్సుకోవాలో రిలీజ్ నోట్సులో రాసేను కదా."

"నీ నోట్సు ఎవడు సదువుతాడ్రా! నువ్వు సదివేవా ఎప్పుడైనా?"

"నా మీద అరిత్తే ఏటొత్తాది బావా? అంత కడుపుమంటగా ఉంటే మెయిల్లో రాసుకో."

"రాత్తాను! అందరూ సూసేలాగే రాత్తాను!"

టీ గ్లాసు పక్కకి నెట్టేసి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని టకటకా కొట్టాడు జగ్గారావు. "వంశీ, ముందు పాత పేరు కూడా పనిచేసేలా చెయ్యి. అప్పటిదాకా నీ +1 నువ్వే నెత్తిన పెట్టుకుని ఊరేగు. జనం డేటాతో ఆటలాడే రిలీజ్‌కి నేను చచ్చినా ఒప్పుకోను."

పంపేశాక గానీ ఊపిరాడలేదు మహానుభావుడికి. "ఇప్పుడు సూడు, ఎలా ఎల్తాదో నీ రిలీజు!" అని ఇంకో టీ చెప్పాడు.

ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. తీసి చూసిన వంశీ నమలడం ఆపేశాడు.

"ఏటి, కాలిందా?" అన్నాడు జగ్గారావు.

వంశీ ఫోను ఇటు తిప్పాడు. ఓట్లు లెక్కపెట్టే ప్రోగ్రాం, జగ్గారావు మెయిల్లో +1 అన్న గుర్తు చూసి, టీమందరికీ జవాబు పంపింది:

"జగ్గారావు గారి ఓటు అందింది, ధన్యవాదాలు. ముగ్గురూ ఒప్పుకున్నారు కాబట్టి కొత్త తెప్పను విడుదల చేసేశాం."