కొంగున శొంఠికొమ్ము

ఇంజనీరు సారు ఏటి ఒడ్డున పాతిన కట్టెమేకును భద్రమ్మ పీకి కృష్ణలోకి విసిరేసింది.

మరునాటికి అక్కడే ఇంకో మేకు.

"వదినా, నీ కోపం మేకు మీదనా, సారు మీదనా?" ఏటి మీద పుట్టి నడిపే గాలయ్య నవ్వాడు.

"రెండిటి మీద. ఏం కడ్తడట ఈడ?"

"కట్టుడు గాదు. ఏటి అడుగున ఫోను తీగె పరుస్తడట. గీ ఒడ్డున మాట్లాడితే గా ఒడ్డున ఇనబడ్తదట."

"నీళ్లల్ల మాటలు నానిపోవా?"

"సీసం తొడుగు ఉంటదట. నీ తిట్లు గూడ పొడిపొడిగ పోతయి!"

నాగార్జునసాగర్ కడుతున్న రోజులవి. ఎండాకాలం, ఏరు సన్నబడింది. సారు పుట్టిలో కూర్చుని తాడుకు ఇనుపగుండు కట్టి నీళ్లలోకి వదిలి అడుగు చూసేవాడు. తీగ బండ మీద పడితే వరదకు ఒరుసుకుని తెగుతుంది, ఇసుకలో పూడిస్తే బతుకుతుంది. వెతికి వెతికి ఇసుకదారి పట్టుకుంటే, అది సరిగ్గా ఒడ్డున భద్రమ్మ పసుపు రాసే రాతి మీదికే వచ్చింది.

ఆ రాతి కింద ఉన్నదెవరో భద్రమ్మకూ తెలియదు. తాను కొత్తకోడలుగా వచ్చిన ఏడు వరదకు కొట్టుకొచ్చిన మనిషి. పేరు లేదు, ఊరు లేదు. కొంగుముడిలో శొంఠికొమ్ము మాత్రం ఉంది.

"ఎవలికో పానం బాగలేకుంటె తీస్కపోతున్నట్టుంది, పాపం" అని అత్త ఈదమ్మ తన చీరే కప్పి మట్టి చేయించింది. తాను కన్నుమూసే ముందు కోడలి చెయ్యి పట్టుకుంది.

"పెత్రమాసకు మన పెద్దలతోటి ఆమెకింత పెట్టు బిడ్డా. మరువకు."

భద్రమ్మ మరవలేదు. ఏటేటా ఆ అమావాస్యకు రాతి దగ్గర ఇంత అన్నం, ఒక శొంఠికొమ్ము.

"ఈ రాయి ఎవరిదమ్మా?" సారు అడిగాడు.

భద్రమ్మ రాతికి అడ్డంగా నిలబడింది. దిక్కులేని మనిషని తెలిస్తే గడ్డపార దిగుతుంది.

"మా మేనత్తది. మా ఇంటి మనిషి."

సారు ఒడ్డంతా కలయజూశాడు.

"ఈ ఒడ్డున ఎక్కడైనా... దిక్కులేనివాళ్లను పూడ్చిన చోటుందా?"

'తవ్వనీకి అడిగేటోడు లేని జాగా ఎతుకుతున్నడు' అనుకుంది భద్రమ్మ.

"మా ఊర్ల దిక్కులేనోళ్లు ఎవ్వలు లేరు సారు!"

సారు తల వంచుకున్నాడు. వంగి, తన మేకు తానే పీకాడు.

"మీ పెద్దల్ని కదిలించనమ్మా. పక్కనుంచి తిప్పుతాను."

పక్కనంతా గట్టిరాయి. కూలీలు గొణిగారు. పైఅధికారి వచ్చి కేకలేశాడు. సారు అన్నీ విన్నాడు, కందకం మాత్రం రాతిని తప్పించే తవ్వించాడు. తీగ పని ముగించి పోయే రోజు ఆ రాతి మీద ఇన్ని గన్నేరుపూలు పెట్టి పోయాడు.

"పిచ్చి సారు" అంది భద్రమ్మ.

వానలొచ్చాయి. ఏరు పొంగింది.

అవతలి ఒడ్డున కూతురు యాదలక్ష్మికి నొప్పులు మొదలయ్యాయని, కాన్పు కష్టంగా ఉందని ఫోనులో కబురొచ్చింది. భద్రమ్మ బాలింతకు కావలసిన శొంఠి కొంగున ముడేసుకుని ఏటికి ఉరికింది.

"పుట్టి దించు గాలయ్యా!"

"సుడులు చూడు వదినా! ఇద్దరం పోతం."

"పోతె పోదం. నా బిడ్డ ఆడ ఒక్కతే ఉంది!"

ఆమె ఒక కాలు పుట్టిలో పెట్టింది.

"పెద్దమ్మా, ఆగు!" ఫోను తీగలు చూసుకునే ఐలేశం రొప్పుతూ వచ్చాడు. "మల్ల ఫోనొచ్చింది. మనుమడు పుట్టిండు. తల్లి, పిల్లగాడు మంచిగున్నరు. నువ్వు రావద్దన్నరు!"

భద్రమ్మ అక్కడే బురదలో కూలబడింది. ఏడ్చింది, నవ్వింది.

"ఆ సారుకు ఫోను చెయ్యి ఐలేశం. నీ తీగె నా పానం నిలబెట్టిందని చెప్త."

"సారుకు ఫోను పోదు పెద్దమ్మా. సముద్రంల తీగెలు దించే ఓడ మీద పోయిండు. ఎప్పుడొస్తడో, ఏ దేశంల దిగుతడో."

"అంత చదువుకున్నోడు గీ ఏటికెందుకొచ్చిండురా?"

"ఈ పనికి తనే అడిగి ఏపిచ్చుకున్నడు. చిన్నప్పుడు ఇటు ఒడ్డున మేనమామ ఇంట్ల ఉంటె జెరమొచ్చిందట. ఆ కబురు అటున్న తల్లికి చేరింది గని, తగ్గిందన్న కబురు వరద దాటలేదట. ఆ తల్లి కొంగున సొంటికొమ్ము ముడేసుకొని పుట్టెక్కిందట."