కిటికీ పక్క సీటు

నాకొక సందేహం ఏళ్ళుగా ఉంది. దేవుడు కొందరికి ఊపిరి ఉంచి, జ్ఞాపకాన్ని మాత్రం ముందే ఎందుకు తీసుకుపోతాడు? కొడవటంచ నర్సింహస్వామిని జాతరకు వెళ్ళినప్పుడల్లా అడుగుతున్నాను. ఆయన చెప్పడు. నేను దండం పెట్టడం మానను.

రేగొండలో మా పక్కిల్లు రూపక్కది. మా ఆయన పోయాక నాకు ఆమె, పెళ్ళి చేసుకోని ఆమెకు నేను. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే విమానం ముచ్చట్లే. మంచు కమ్మి దిగలేక ఆకాశంలోనే తిరిగిన విమానం. ఏడుపు ఆపని పసిబిడ్డను భుజాన వేసుకొని సీట్ల మధ్య తిరగడం. ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరేది కాదు.

ఇప్పుడు రూపక్కకు ఏదీ గుర్తు లేదు. నా పేరు కూడా. అందుకే రోజూ మళ్ళీ మొదటి నుంచి చెబుతాను.

ఆమె నాకొక మాట బాకీ ఉంది. చిన్నదే. ఎప్పుడు అడిగినా "వచ్చే ఏడు చూద్దాం తియ్" అనేది. ఇప్పుడు అడిగితే నా మొహంలోకి చూస్తుంది, అంతే.

ఆ ఆదివారం కూడా దేవుడి ముందు దీపం పెట్టి, పెరుగన్నం కలిపి, పాత నీలం స్కార్ఫ్ మెడకు కట్టుకొని బయలుదేరాను. ముడి ఎప్పటిలాగే వంకరగా పడింది. రూపక్క వాకిట్లో కూరగాయల ఐలమ్మ గంప దించి నవ్వింది.

"ఏందక్కా, గియాల విమానం ఏడికి పోతాంది?"

"దుబాయికి."

"జర నన్ను పరకాలల దించి పోరాదు, బస్సు కిరాయన్న మిగులుతది."

లోపల రూపక్క మేనల్లుడు నరేందర్ ఉన్నాడు. గుమ్మం పక్కన ఆమె బట్టలు సర్దిన సంచి. అతని చేతిలో కారు తాళం.

"చిన్నమ్మా, నువ్వు చేస్తాన్నది మంచిదే. కని విమానం ఆటతోని కడుపు నిండదు గదా. చూడు, ఎట్ల చిక్కిపోయిందో. హన్మకొండల ఆశ్రమం మాట్లాడిన. ఆడ నర్సులుంటరు."

ఆమె వెళ్ళిపోతే ఆ ముచ్చట్లు గోడకు చెప్పుకోవాలి.

"ఒక్కపారి పెట్టి చూస్త బిడ్డా. తినకపోతే తీస్కపో."

నరేందర్ గడప మీద కూర్చున్నాడు.

రూపక్కను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాను. బయట పత్తి చేను తెల్లగా విచ్చి ఉంది. మా ఆటలో అవే మబ్బులు. భూపాలపల్లి నుంచి వచ్చే బొగ్గు లారీలకు కిటికీ ఊచలు వణికితే విమానం లేచినట్టు.

మోకాళ్ళు వంచి, ఆమె కళ్ళకు సమంగా నిలబడి పళ్ళెం చూపించాను. అందరికీ పెట్టాక, ఆఖరున, నిలబడి తినడం విమానంలో పనిచేసేవాళ్ళ పద్ధతి. నేనూ రోజూ అలాగే తింటాను.

"మేడమ్, పెరుగన్నం తింటరా?"

మొహం తిప్పుకుంది.

నవ్వుతుందేమోనని జనగామ పిల్లగాడి ముచ్చట ఎత్తుకున్నాను. "మొదటిసారి దుబాయి పోతాండు. బెల్టు పెట్టుకో తమ్మీ అంటే, లుంగీ లెక్క నడుముకు ముడేసుకున్నడు. గది ఇప్పేసరికి విమానం బొంబాయి దాటింది!"

నరేందర్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. కుర్చీలోంచి జారుతోంది.

జారకుండా రోజూ నడుము చుట్టూ చున్నీ తిప్పి పిన్నీసు పెడతాను. అదే మా బెల్టు. ఆ రోజు పిన్నీసు కనిపించలేదు. గాభరాలో పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టి, రెండు కొసలూ పట్టి గట్టిగా ముడి వేశాను.

"ముడెయ్యద్దు."

ఎన్నాళ్ళయిందో ఆ గొంతు విని.

"అక్కా?"

"ముడేస్తే పరేషాన్ల ఊడదు. నువ్వు కూసో."

తనే ముడి విప్పుకొని లేచింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. చున్నీ కొసలను నా ఒళ్ళో మడిచి దోపి, ఒకసారి లాగి చూసింది. నా మెడలోని స్కార్ఫ్ తీసి తాను కట్టుకుంది. అద్దం చూడలేదు. ముడి గులాబీలా కుదిరింది. మోకాళ్ళు వంచి, పళ్ళెం నా ఒళ్ళో పెట్టింది.

తిన్నాను. నేను చాలన్నాక పళ్ళెం అందుకొని, గోడ పక్కకు వెళ్ళి, మిగిలిన అన్నం మెతుకు వదలకుండా నిలబడి తిన్నది.

నరేందర్ గడప మీంచి లేచాడు. సంచి తెచ్చి మంచం కింద పెట్టాడు.

అప్పుడే రోడ్డు మీద బొగ్గు లారీ పోయింది. ఊచలు వణికాయి. రూపక్క నా భుజం మీద చేయి వేసింది.

"భయపడకు ఉమా. లేస్తాంది, గంతే."

విమానంలో నౌకరీ చేసిన కాలంలో సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడల్లా, నిన్నొకసారి మా విమానంలో కిటికీ పక్కన కూర్చోబెడతానని చెప్పిన మాట రూపక్క అలా తీర్చేసింది. నేను విమానం ఎక్కడం అదే మొదటిసారి.